పడవ ఆఖర్న కొనండి: మన చెరువుల్లో కయాకింగ్ మొదలుపెట్టేవాళ్లకు సామాను ఎంపిక

కయాకింగ్ మీద, అంటే రెండు చివర్లా రెక్కలున్న తెడ్డుతో చిన్న పడవ నడపడం మీద మనసు పడ్డవాళ్లు మొదట అడిగేది ఒకటే. "అన్నా, ఏ పడవ తీసుకోమంటవ్?" నా లెక్కలో అది చివర అడగాల్సిన ప్రశ్న. ముందు ఒంటికి జాకెట్, తర్వాత చేతికి తెడ్డు, పడవ సంగతి ఆ తర్వాత. పడవ అద్దెకు దొరుకుతుంది, తెలిసినవాళ్లను అడిగి ఒక ఆదివారం తెచ్చుకోవచ్చు, నచ్చకపోతే సెకండ్ హ్యాండ్‌లో అమ్మేయొచ్చు. జాకెట్ అట్లా కాదు. అది మీ ఛాతీ కొలతకు, మీ బరువుకు సరిపోయిందే కావాలి, అద్దె చోట కొక్కేనికి వేలాడే వాటిల్లో సరిగ్గా మీ సైజుది దొరకడం అదృష్టం.

ఇంకో ముఖ్యమైన సంగతి. నెట్‌లో కనిపించే కయాకింగ్ సలహాల్లో చాలావరకు చల్లటి సముద్రాలకో, బండరాళ్ల మధ్య ఉరికే నదులకో రాసినవి. వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూట్) కొను, స్ప్రే స్కర్ట్ (నీళ్లు లోపలికి రాకుండా నడుము చుట్టూ పడవకు బిగించే గుడ్డ) కొను, హెల్మెట్ కొను అని చాంతాడంత లిస్టు ఇస్తాయి. వరంగల్ వైపు మనం దిగేది ములుగు జిల్లా లక్నవరం లాంటి చెరువులో, లేదంటే కరీంనగర్ పక్కన లోయర్ మానేరు లాంటి రిజర్వాయర్‌లో. ఇక్కడ చలితో ఇబ్బంది లేదు, ఎండతోనే. అలలకు భయపడక్కర్లేదు గానీ మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి లేచే ఈదురుగాలికి భయపడాలి. నీళ్లలో మునిగిపోయిన తుమ్మ మోడు, కంటికి ఆనని వల, ఒడ్డున మోకాలిలోతు బురద... సామాను వీటిని చూసి కొనాలి, వీడియోలు చూసి కాదు.

జాకెట్: ఇక్కడ బేరం వద్దు

బోటింగ్ పాయింట్లలో ఇచ్చే నారింజ రంగు జాకెట్ అందరం వేసుకున్నదే. ముందు రెండు లావుపాటి పలకలు, మెడ వెనక దిండులాంటిది, నడుముకు ఒక పట్టీ. స్పీడ్ బోటులో ఊరికే కూర్చుని ఫొటోలు దిగేవాళ్లకు అది సరిపోతుంది. తెడ్డు వేసేవాళ్లకు మాత్రం చేయి ముందుకు చాచిన ప్రతిసారీ చంక కింద రాసుకుంటుంది, ఛాతీ దగ్గర పలక గడ్డానికి తగులుతుంది, కాసేపటికి చిరాకొచ్చి బకిల్ విప్పేస్తారు. విప్పిన జాకెట్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

తెడ్డు వేయడానికి చేసిన జాకెట్ చూడగానే తెలిసిపోతుంది. చంకల దగ్గర లోతుగా కోసి ఉంటుంది, భుజం పట్టీలు సన్నగా ఉంటాయి, ఫోమ్ అంతా ఛాతీ మీద, వీపు మీద ఉండి పక్కలు ఖాళీగా ఉంటాయి, రెండు వైపులా బిగించుకునే పట్టీలు కనీసం రెండేసి ఉంటాయి. లోపల లేబుల్ మీద 50 ఎన్ అనో 100 ఎన్ అనో రాసి ఉంటుంది, పక్కనే ఐఎస్ఓ 12402 అని కనిపిస్తే మంచిది. ఎన్ అంటే న్యూటన్లు, నీళ్లలో మిమ్మల్ని పైకి ఎంత బలంతో తేలుస్తుందో చెప్పే అంకె. 50 న్యూటన్లు అంటే సుమారు 5 కిలోల బలం. 80 కిలోల మనిషికి 5 కిలోలు ఏం సరిపోతాయి అని అనుమానం రావొచ్చు. నీళ్లలో మన ఒంటి బరువులో ఎక్కువ భాగం నీళ్లే మోస్తాయి, ముక్కూ నోరూ పైన ఉంచడానికి కావాల్సింది ఆ మిగతా కాస్తే.

మరి 50 తీసుకోవాలా, 100 తీసుకోవాలా? ఈత బాగా వచ్చి, ఒడ్డుకు దగ్గరగా, పక్కన తోడుతో తిరిగేవాళ్లకు 50 చాలు, చేతులకు స్వేచ్ఛ కూడా ఎక్కువ. ఈత రానివాళ్లకు నేను 100 తీసుకోమనే చెప్తాను. 50 జాకెట్ తేలుస్తుంది గానీ, స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పి ముఖం పైకి ఉంచుతుందన్న భరోసా లేదు. 100లో మెడ దగ్గర ఫోమ్ ఉండి, నిలకడ నీళ్లలో ఆ పని చేసేలా తయారు చేస్తారు. కాస్త లావుగా, ఉక్కగా ఉంటుంది. ఉండనివ్వండి. నిజానికి ఈత రానివాళ్లు ముందు ఒక వేసవిలో స్విమ్మింగ్ పూల్‌కు ఫీజు కట్టడం మేలు, ఆ డబ్బుతో వచ్చే ధైర్యం ఏ జాకెట్‌తోనూ రాదు.

గ్యాస్ సిలిండర్‌తో ఉబ్బే సన్నటి బెల్ట్ రకం జాకెట్లు కూడా ఉన్నాయి. చూడ్డానికి స్టైల్‌గా ఉంటాయి, ఎండలో హాయిగా ఉంటాయి. కొత్తవాళ్లకు వద్దు. నీళ్లలో పడ్డ కంగారులో తాడు వెతికి లాగాలి, వాడిన సిలిండర్ మళ్లీ కొనాలి, లోపలి సంచికి చిల్లు పడి ఉంటే అది తెలిసేది అవసరం పడ్డప్పుడే. ఫోమ్‌కు ఈ టెన్షన్లు లేవు.

కొనేటప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేయకుండా, హైదరాబాద్ వెళ్లినప్పుడు డెకాథ్లాన్ లాంటి పెద్ద స్పోర్ట్స్ షాపులో వేసుకుని చూడండి. పట్టీలన్నీ బిగించుకోండి, వెనక నిలబడ్డవాళ్లను జాకెట్‌ను రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ జారి చెవుల దాకా వచ్చిందంటే అది మీ సైజు కాదు. నీళ్లలో పడ్డప్పుడు కూడా అట్లాగే పైకి వెళ్తుంది, మీరు దాని లోపల కిందికి వెళ్తారు. తర్వాత కింద కూర్చుని కాళ్లు చాపి, రెండు చేతులతో తెడ్డు వేస్తున్నట్టు ఊపి చూడండి. నిలబడ్డప్పుడు బాగున్న జాకెట్ కూర్చోగానే గొంతుకు అడ్డం రావొచ్చు. పిల్లలకైతే తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే తీసుకోవాలి, "వచ్చే ఏడుకూ పనికొస్తుంది" అని ఒక సైజు పెద్దది కొనడం స్కూల్ యూనిఫాంకు చెల్లుతుంది గానీ దీనికి చెల్లదు. రంగు విషయానికొస్తే నారింజ, పసుపు. ముదురు నీలం, ఆకుపచ్చ ఎంత అందంగా ఉన్నా మన చెరువు నీళ్లలో కనబడవు. జాకెట్ మాత్రం సెకండ్ హ్యాండ్ కొనకండి, ఎండకు పడి ఉన్న ఫోమ్, కుర్చీలా కూర్చుని నలిపిన ఫోమ్ తేలే శక్తి పోగొట్టుకుంటుంది, అది బయటికి కనిపించదు.

తెడ్డు: చవకదానికీ మంచిదానికీ తేడా రెండో గంటలో తెలుస్తుంది

గాలి నింపే పడవల సెట్లతో ఉచితంగా వచ్చే తెడ్లు ఎక్కువగా అల్యూమినియం గొట్టం, చివర ప్లాస్టిక్ రెక్క. బరువు కిలో దాటుతుంది. ఫైబర్‌గ్లాస్ కాడ ఉన్నది 900 గ్రాముల చుట్టుపక్కల, కార్బన్‌ది ఇంకా తక్కువ. రెండు మూడు వందల గ్రాములే కదా అనిపిస్తుంది. తీరిగ్గా తెడ్డు వేసినా నిమిషానికి 45 సార్లు అనుకుంటే గంటకు 2,700 సార్లు ఆ బరువును ఎత్తి దించుతున్నారు. మరుసటి రోజు ఉదయం భుజాలు లెక్క చెప్తాయి. పైగా ఏప్రిల్ ఎండలో ఒడ్డున పెట్టిన అల్యూమినియం గొట్టం పట్టుకుంటే చేయి కాలుతుంది.

కార్బన్ కొత్తవాళ్లకు దండగ, బండకు తగిలితే గుండె ఆగుతుంది. ఫైబర్‌గ్లాస్ కాడ, గట్టి ప్లాస్టిక్ రెక్కలు ఉన్న మధ్యరకం తెడ్డు నా ఓటు. పడవ మారినా అదే తెడ్డు ఏళ్ల తరబడి వస్తుంది.

పొడవు మనిషి ఎత్తును బట్టి మాత్రమే కాదు, పడవ వెడల్పును బట్టి కూడా. మన దగ్గర ఎక్కువగా దొరికే వెడల్పాటి పడవలకు, అంటే 70 నుంచి 80 సెంటీమీటర్ల వెడల్పు వాటికి, 230 నుంచి 240 సెంటీమీటర్ల తెడ్డు సరిపోతుంది. ఐదడుగుల లోపు వాళ్లు, సన్నటి పడవ నడిపేవాళ్లు 220 చూడొచ్చు. పొట్టి తెడ్డుతో వెడల్పాటి పడవ నడిపితే ప్రతిసారీ పక్కకు వంగాలి, చేతి వేళ్లు పడవ అంచుకు కొట్టుకుంటాయి. రెండు ముక్కలుగా విడిపోయేదే తీసుకోండి, ఆర్టీసీ బస్సులోనైనా ఆటోలోనైనా ఇబ్బంది లేకుండా వస్తుంది. కాడ మీద రెక్కలకు దగ్గరగా రబ్బరు రింగులు ఉన్నాయో లేదో చూడండి, అవి లేకపోతే తెడ్డు ఎత్తినప్పుడల్లా నీళ్లు కాడ వెంట కారి ఒళ్లో పడతాయి.

మొదటిసారి పట్టుకునేవాళ్లకు ఒక చిన్న సంగతి. చాలా తెడ్ల రెక్క రెండు అంచులూ సమానంగా ఉండవు, ఒక అంచు పొడుగు, ఒకటి పొట్టి. పొడుగు అంచు పైకి ఉండాలి, లోపలి వంపు మీ వైపు ఉండాలి. తెడ్డు తలకిందులుగా పట్టుకుని "ఈ పడవ సక్కగ పోతలేదు" అని పడవను తిట్టేవాళ్లు ప్రతి చెరువు దగ్గరా ఒకరుంటారు.

ఇప్పుడు పడవ

మూడు రకాల మధ్యే మీ ఎంపిక. పైన కూర్చునేది, లోపల కూర్చునేది, గాలి నింపేది. మడతపెట్టే రకాలు కూడా ఉన్నాయి గానీ వాటి ధరకు మొదలుపెట్టేవాళ్లు వెళ్లాల్సిన పని లేదు.

లోపల కూర్చునే రకం ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది. కాళ్లు లోపలికి పోతాయి, నడుము దాకా మూత, వేగం బాగుంటుంది, గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. చలి దేశాల్లో అదే సరైనది. మన దగ్గర మార్చి దాటితే ఆ మూత కింద కాళ్లు ఉడుకుతాయి. అసలు ఇబ్బంది బోల్తా పడ్డప్పుడు. లోపల వందల లీటర్ల నీళ్లు నిండుతాయి, చెరువు మధ్యలో దాన్ని ఖాళీ చేసి మళ్లీ ఎక్కడం కొత్తవాళ్ల వల్ల కాదు, ఒడ్డు దాకా ఈడ్చుకుపోవాల్సిందే. మొదటి పడవగా ఇది వద్దు.

పైన కూర్చునే ప్లాస్టిక్ పడవకు ఆ బాధ లేదు. అది మూసేసిన బోలు పెట్టె, మీరు దాని వీపు మీద కూర్చుంటారు. అడుగు నుంచి పైకి రంధ్రాలు ఉంటాయి, పైన పడ్డ నీళ్లు వాటిలోంచి దానంతటదే పోతాయి. బోల్తా పడితే తిరగేసి, బోర్లా పడి పాక్కుంటూ ఎక్కి, తిరిగి కూర్చోవచ్చు. ఇది మాత్రం నడుము లోతు నీళ్లలో నాలుగుసార్లు కావాలని పడి నేర్చుకోవాలి. పిర్రలు తడుస్తాయి, అంతే. బురద, మోడు, బండ, మేకలు తొక్కడం, అన్నిటికీ తట్టుకుంటుంది. మరి లోపమేంటంటే మోత. 9, 10 అడుగుల ఒక్కరి పడవ 20 కిలోల పైమాటే, ఇద్దరిదైతే ఇంకా ఎక్కువ. కారు మీద రాక్ కావాలి, కట్టడానికి పట్టీలు కావాలి, ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి. హన్మకొండలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్లు పది అడుగుల పడవ మెట్ల మలుపులో తిరుగుతుందా లేదా టేపు పెట్టి కొలుచుకోండి. పార్కింగ్‌లో పెడితే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో మీ పడవే ఎజెండా అవుతుంది.

గాలి పడవ ఆ సమస్య తీరుస్తుంది. సంచిలో మడిచి డిక్కీలో పడేస్తే చాలు, పావుగంట పంపు కొడితే తయారు. ఇందులో మళ్లీ మూడు మెట్లు ఉన్నాయి. అన్నిటికంటే చవకవి ఉత్త పీవీసీ షీటువి, ఇంటెక్స్ లాంటివి, పంపు తెడ్డు అన్నీ కలిపి పెట్టెలో వస్తాయి. దాని పైమెట్టు, లోపల గాలి సంచి, బయట గట్టి గుడ్డ తొడుగు ఉన్నవి, డెకాథ్లాన్ పడవల్లో కొన్ని ఈ తరహా. ఆ పైన, అడుగు భాగం పలకలా గట్టిపడే డ్రాప్ స్టిచ్ రకం, ధర కూడా అట్లాగే గట్టిది. మన చెరువులకు మధ్యమెట్టు చూడండి. గుడ్డ తొడుగు ఉంటే సర్కారు తుమ్మ ముల్లు మొదట దాన్ని దాటాలి. ఎడమ, కుడి, అడుగు అని కనీసం మూడు గాలి అరలు వేర్వేరుగా ఉండాలి, ఒకటి పోయినా మిగతా రెండు ఒడ్డు చేరుస్తాయి. అడుగున తగిలించే చిన్న రెక్క కచ్చితంగా ఉండాలి, అది లేని గాలి పడవ తెడ్డు వేసిన ప్రతిసారీ ముక్కు అటూ ఇటూ తిప్పుతుంది. గుర్రపు డెక్క ఉన్న చోట మాత్రం ఆ రెక్కకే తీగలు చుట్టుకుంటాయి, అది వేరే తంటా.

గాలి పడవల గురించి అమ్మేవాళ్లు చెప్పనివి కొన్ని ఉన్నాయి. తేలిగ్గా ఉండి నీళ్ల మీద ఎత్తుగా తేలుతుంది కాబట్టి ఎదురుగాలికి ముందుకు కదలదు, లోయర్ మానేరు లాంటి విశాలమైన నీళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఉదయం చల్లటి గాలి ఫుల్లుగా నింపి, పది గంటల ఎండలో ఒడ్డున వదిలేసి టీకి పోతే లోపలి గాలి వ్యాకోచించి కుట్లు ఊడతాయి, కాస్త గాలి తీసి పెట్టాలి లేదా పడవను నీడకు లాగాలి. ముల్లు దిగిందా, సైకిల్ పంక్చర్ షాపు సొల్యూషన్ పీవీసీ మీద నిలవదు, పీవీసీ గమ్, అదే షీటు ముక్క కావాలి. పడవతో వచ్చిన రిపేర్ కిట్‌ను ఇంట్లో కాదు, సంచిలోనే ఉంచండి. ఇక ఇంటికి తెచ్చాక పూర్తిగా ఆరబెట్టకుండా మడిస్తే బూజు, అటక మీద పడేస్తే ఎలుకలు. ఎలుక కొరికిన చిల్లు మడత మడతకూ ఒకటి చొప్పున వరుసగా వస్తుంది, విప్పి చూస్తే గొలుసు ముగ్గు వేసినట్టుంటుంది. మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టడం ఒక్కటే మార్గం.

ఏ రకమైనా పడవ మీద రాసిన గరిష్ఠ బరువును నమ్ముకుని అంచుదాకా నింపకండి. అందులో మూడింట రెండొంతులు దాటకుండా చూసుకుంటే పడవ మాట వింటుంది. 85 కిలోల మనిషి, 5 కిలోల సామాను అంటే కనీసం 135 కిలోలు మోసే పడవ చూడాలి.

చిల్లర సామాను

పది లీటర్ల డ్రై బ్యాగ్ (నీళ్లు చొరని సంచి) ఒకటి, నోరు కనీసం మూడు మడతలు చుట్టి బకిల్ పెట్టాలి. ఫోన్‌కు ఇంకో చిన్న సంచి, అది పెద్ద దాని లోపల. జాకెట్‌కు కట్టిన ప్లాస్టిక్ విజిల్, లోపల గోలీ లేని రకం, తడిసినా మోగుతుంది. మడమకు పట్టీ ఉన్న చెప్పులు, ఎందుకంటే హవాయి చెప్పులను మన బురద మింగేస్తుంది. పొడుగు చేతుల పలచటి టీషర్ట్, గడ్డం కింద తాడున్న టోపీ, సన్‌స్క్రీన్. మంచినీళ్లు మనిషికి గంటకు అర లీటరు లెక్కన, వేసవి ఉదయాలకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్. స్ప్రే స్కర్ట్, హెల్మెట్, వెట్‌సూట్, ఫోన్ స్టాండు, చేపల గాలాల స్టాండు, ఇవేవీ ఇప్పుడు వద్దు.

డబ్బు ఎట్లా పంచుకోవాలంటే, చేతిలో వంద రూపాయలుంటే ఇరవై జాకెట్‌కు, పదిహేను తెడ్డుకు, పది ఈ చిల్లరకు తీసి పక్కన పెట్టి, మిగిలిన యాభై ఐదుకు ఏ పడవ వస్తే అది చూడండి. చాలామంది తొంభై పడవకు పెట్టి, మిగతా పదితో జాకెట్ వెతుకుతారు.

ఎక్కడ, ఎప్పుడు

ఇది కూడా సామాను ఎంపికలో భాగమే, దిగే నీళ్లను బట్టే పడవ కాబట్టి. కొనే ముందు ఒకసారి అద్దెకు నడిపి చూడాలంటే వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాక్‌లు అద్దెకిస్తుంటారు (పోయే ముందు నడుస్తుందో లేదో కనుక్కోండి), వరంగల్ నుంచి దూరమే గానీ నచ్చని పడవ కొనడం కంటే చవక. మన వైపు పాకాల చెరువు, ఏటూరునాగారం అడవిలోని చెరువులు అభయారణ్యాల పరిధిలో ఉన్నాయి, అటవీ శాఖ అనుమతి లేకుండా సొంత పడవ దించకూడదు. ధర్మసాగర్ వరంగల్ నగరానికి తాగునీళ్లిచ్చే రిజర్వాయర్, అక్కడా అడగకుండా దిగొద్దు. లక్నవరంలో పర్యాటక శాఖ బోటింగ్ నడుస్తుంది, సొంత పడవ సంగతి అక్కడి వాళ్లనే ముందు అడగాలి. ఊరి చెరువైతే మత్స్యకారుల సంఘంతో మాట్లాడండి. థర్మకోల్ తెప్ప మీద కూర్చుని వలలు వేసే ఆ పెద్దమనిషికి ఎక్కడ మోడులున్నాయో, ఎక్కడ వల ఉందో, ఎక్కడ బురద మింగుతుందో తెలిసినంత ఏ యాప్‌కూ తెలియదు. "తాతా, ఎటు దిక్కు పోవచ్చు?" అని అడిగితే చేయెత్తి చూపిస్తారు. వలకు తగులుకుంటే కోసేయకుండా వెనక్కి తెడ్డు వేసి విడిపించుకోండి, అది వాళ్ల కూడు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మొదలుపెట్టడానికి మంచి కాలం, నీళ్లు నిండుగా, గాలి నెమ్మదిగా ఉంటాయి. వేసవిలో తెల్లారుజామున దిగి తొమ్మిదికల్లా ఒడ్డెక్కాలి. వానాకాలం కొత్తవాళ్లది కాదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది, అట్లాంటి వాన ఎగువన పడితే మీ చెరువు గంటల్లో మారిపోతుంది. మత్తడి (చెరువు అలుగు) దుంకుతున్నప్పుడు జనం ఫొటోలకు పోతారు గానీ పడవతో ఆ దరిదాపులకు పోకూడదు. మత్తడి దిగిన నీళ్లు కింద గుండ్రంగా తిరిగి మళ్లీ గోడ వైపే లాగుతాయి, అందులో పడ్డ మనిషిని జాకెట్ ఉన్నా వదలవు. తూము తెరిచినప్పుడు కూడా అంతే, పైకి నిమ్మళంగా కనిపించే నీళ్లు అడుగున గుంజుతుంటాయి.

ఇక తరచూ వచ్చే ప్రశ్న, ఆలుమగలిద్దరూ నేర్చుకోవాలంటే ఇద్దరి పడవా, రెండు ఒంటరి పడవలా? ఇద్దరి పడవలో వెనకాలున్నవాళ్లు తిప్పాలి, ముందున్నవాళ్లు తాళం తప్పకుండా వేయాలి. మాట పట్టింపులు లేని జంటకు అది బాగుంటుంది, ఒకరికి ఈత రాకపోతే అదే మేలు కూడా. డబ్బు, చోటు ఉంటే మాత్రం రెండు ఒంటరి పడవలే తీసుకోండి. ఇద్దరికీ నడపడం వస్తుంది, ఒకరి పడవ బోల్తా పడితే ఇంకొకరిది ఆసరాగా ఉంటుంది, అలిగితే ఎవరి దారిన వాళ్లు కాస్త దూరం వెళ్లి రావొచ్చు.